సబ్బుపెట్టెల వరస

ముందే ఒప్పుకుంటున్నాను, నేను కోతలరాయుణ్ణి. చీమ గురించి మొదలుపెడితే నాలుగో వాక్యానికి దానికి తొండం వస్తుంది. మా ఆవిడ పాతికేళ్ళుగా నా మాటల్ని భాగహారం చేసి వింటోంది. దూరాలను మూడుతో, మనుషుల ఎత్తును రెండుతో, నేను తిన్నానని చెప్పే గారెలను అయిదుతో. అయినా నన్ను అబద్ధాలకోరు అని మాత్రం అనదు. పాలల్లో నీళ్ళు కలిపేవాడు వేరు, వట్టి నీళ్ళు అమ్మేవాడు వేరు. నేను మొదటి జాతి. నీళ్ళు బిందెడు కలుపుతాను గాని, అడుగున గిద్దెడు పాలైనా లేకుండా చెంబు మీ చేతికివ్వను.

ఈ ఒక్కసారి మాత్రం ఒకచోట వట్టి నీళ్ళే పోశాను. ఎక్కడ పోశానో చివర నేనే చెబుతాను.

డెబ్బైల నాటి మాట. బెజవాడలో ఒక నోటుపుస్తకాల కంపెనీకి నేను ఊళ్ళు తిరిగి ఆర్డర్లు తెచ్చే ఏజెంటుని. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రూళ్ళ మిషను, నలుగురు బైండర్లు, ఒక గంగాళం మైదా జిగురు, వీటన్నిటి మీదా మా ఓనరుగారి గొంతు. ఆ గొంతు గవర్నరుపేటలో లేస్తే కృష్ణకు అవతల సీతానగరంలో పడవలు ఒడ్డుకు కట్టేసుకునేవాళ్ళు. నా చేతికి ఒక ఖాకీ సంచీ ఇచ్చారు. అందులో ఒంటి రూలువి, రెండు రూళ్ళవి, నాలుగు రూళ్ళవి, తెల్లవి, అన్నీ నమూనా పుస్తకాలు. ఆ సంచీ మోసి మోసి నా కుడిభుజం ఎడమదానికంటే జానెడు కిందికి దిగింది. ఇప్పటికీ దర్జీ నా చొక్కాకి రెండుసార్లు కొలతలు తీస్తాడు.

ఉయ్యూరు, పామర్రు, గుడివాడ, అవనిగడ్డ, బందరు. నెలకు ఇరవై రోజులు లాడ్జిలోనే కాపురం. వాటిని లాడ్జి అనడం కూడా మర్యాదకే. కింద ఎరువుల కొట్టో బట్టల కొట్టో ఉంటుంది. పక్కనుంచి నిచ్చెనకు అన్నయ్యలాంటి మెట్లు. పైన వసారా, వసారా పొడుగునా గదులు. గదిలో ఒక నవారు మంచం, ఒక కూజా, గోడకు మూడేళ్ళ కిందటి క్యాలెండరు. ఆ క్యాలెండరు ఎవరూ మార్చరు. దాని వెనక గోడ ఎలా ఉందో చూసే ధైర్యం ఎవరికీ లేదు.

గుడివాడలో ఫ్యాను వేస్తే, పక్క గదివాళ్ళు వాన వస్తోందనుకుని ఆరేసిన బట్టలు తీసుకునేవాళ్ళు. చప్పుడు వాళ్ళకు, గాలి ఇంకెవరికో. నాకు తిరగడం మాత్రం కనిపించేది. అవనిగడ్డ అద్దంలో నా ముఖం రెండుగా ఉండేది. గడ్డం గీసుకున్నాక ఎవరిది గీశానో తడిమి చూసుకోవలసి వచ్చేది. ఉయ్యూరులో చెరుకు ఆడే రోజుల్లో ఊరంతా పాకం వాసన. లాడ్జి గోడ నాకినా తియ్యగా ఉంటుందని ఒక విత్తనాల ఏజెంటు పందెం కాశాడు. కాసి నాకాడు కూడా. గెలిచానన్నాడు. ఎవరమూ సరిచూడలేదు.

ఇక నల్లులు. అవి దూడలంత ఉండేవి. మెడలో గంటలు కట్టకపోవడం లాడ్జివాళ్ళ అశ్రద్ధ.

ఏ లాడ్జికి వెళ్ళినా ముందు రిజిస్టరు. మెట్ల పక్కన బల్ల వేసుకున్న గుమాస్తా, కారే పెన్ను మన చేతికిచ్చి అడుగుతాడు: ఎక్కడి నుంచి వచ్చారు? ఎక్కడికి వెళతారు? వచ్చిన పని ఏమిటి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ ఋషులు అడవుల్లో గడ్డాలు పెంచుకున్నారు. మేము గుమాస్తా ముందు నిలబడి అర నిమిషంలో రాసి సంతకం పెట్టేవాళ్ళం.

ఇప్పుడు నేను మంచి హోటళ్ళలోనే దిగుతున్నాను. గదికో స్నానాలగది, కుళాయి తిప్పితే నీళ్ళు. తలుపు వేసుకుంటే లోకం లేదు. పొద్దున్నే వసారాలోకి వచ్చి "ఏ ఊరండీ మీది?" అని అడుగుదామంటే వసారా ఉండదు, అడిగించుకునే మనిషీ ఉండడు. హాయిగా నిద్రపడుతుంది. నిద్రలేచాక మాత్రం ఏదో మరిచిపోయి వచ్చినట్టుంటుంది.

మరిచిపోయిందేమిటో నాకు తెలుసు. ఒక రేకు సబ్బుపెట్టె.

దాని యజమాని నాకంటే రెండింతల వయసు మనిషి. ఆయనా నోటుపుస్తకాల ఏజెంటే, కాకపోతే మాకు పోటీ కంపెనీ. తెల్ల పంచె, భుజాన ఎర్రగళ్ళ తువాలు. గడియారం కుడిచేతికి, అదీ ముఖం అరచేతి వైపు తిప్పి కట్టుకునేవారు. టైమెంతండీ అని అడిగితే, భిక్ష అడుగుతున్నట్టు అరచెయ్యి చాపి చూసి చెప్పేవారు. అలా చెయ్యి చాపితే ఒకసారి పామర్రులో ఒకావిడ చిల్లర వేసి వెళ్ళింది. ఆయన టైము చెప్పి మరీ తిరిగిచ్చేశారు. మేమంతా ఆయన్ని గురువుగారూ అనేవాళ్ళం.

పోటీ కంపెనీ కుర్రాణ్ణి కూర్చోబెట్టి విద్య నేర్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"మెట్లెక్కగానే ఉండే గది తీసుకోకబ్బాయ్," అనేవారు. "దారినపోయే ప్రతివాడూ నీ తలుపే కొడతాడు. చివరిదీ తీసుకోకు. నీ దాకా వచ్చేసరికి కూజాలో నీళ్ళయిపోతయ్."

"మరి దిండు గురువుగారూ? ఆ వాసనకి కళ్ళు తిరుగుతున్నాయండీ."

"వాసన చూడమని నీకెవరు చెప్పారోయ్? ముందు తల పెట్టెయ్. తెల్లారేటప్పటికి అది నీ వాసనే."

బందరు లాడ్జిలో సబ్బుపెట్టెల పద్ధతి పెట్టింది కూడా ఆయనే. అది చెప్పాలంటే బందరు నీళ్ళ సంగతి చెప్పాలి. ఆ లాడ్జిలో పదకొండు గదులకు ఒకటే స్నానాలగది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. చెరువు నీళ్ళు బండి మీద వచ్చేవి. వసారా చివర ఒక పీపా ఉండేది. అందులో తియ్యటి నీళ్ళు అయిదుగురి స్నానానికి సరిపోయేవి. ఆరోవాడి నుంచి పెరటిబావి నీళ్ళే. ఆ బావి కింద నుంచి సముద్రంతో సంబంధం పెట్టుకుంది. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు. గంటసేపు రుద్దితే సబ్బే నిన్ను చూసి జాలిపడుతుంది. తల ఆరాక జుట్టు కొబ్బరిపీచులా నిలబడుతుంది.

పూర్వం ఆ అయిదు స్నానాల కోసం కొట్లాటలయ్యేవట. పెద్దాయన ఒక రూలు పెట్టారు. సాయంత్రం లాడ్జికి రాగానే ఎవరి సబ్బుపెట్టె వాళ్ళు వసారా పిట్టగోడ మీద పెట్టుకోవాలి. ముందొచ్చినవాడి పెట్టె ముందు. పొద్దున్న అదే వరస.

"పెట్టె ఉంటే మనిషున్నట్టేనోయ్," అనేవారు. "మనిషితో పోట్లాడొచ్చు. పెట్టెతో పోట్లాడకూడదు."

ఆ రూలు శాసనంలా నిలిచింది. కలెక్టరు వచ్చి దిగినా పెట్టె పెట్టుకుని కూర్చోవలసిందే. ఆ లాడ్జికి కలెక్టరు ఎందుకు దిగుతాడని మీరు అడగకండి.

మొదటి స్థానం ఎప్పుడూ పెద్దాయన రేకుపెట్టెదే. మూత సొట్టపోయి, అంచులు అరిగిపోయి, ఎన్నో ఏళ్ళ సబ్బు పట్టి తెల్లబడిన పెట్టె. ఆయన దీపాల వేళకు ముందే ఊళ్ళో పని ముగించుకుని వచ్చి, పిట్టగోడ మీద తువాలుతో ఒకసారి తుడిచి, దేవుడి పటం పెట్టినట్టు పెట్టేవారు.

మొదటి స్నానం కోసం అంత శ్రద్ధ ఎందుకంటే, బందరులో ఒక కాగితాల షావుకారు ఉండేవారు. తీరమంతా పుస్తకాలు ఆయన కొట్టు నుంచే వెళ్ళేవి. బళ్ళు తెరిచే ముందు ఒక గురువారం పొద్దున ఆయన ఏడాది మొత్తానికి నోటుపుస్తకాల ఆర్డరు ఇచ్చేవారు. ఎవరికిస్తారంటే, ఆ రోజు కొట్టు తెరిచాక ముందుగా గడప తొక్కిన ఏజెంటుకి. అయితే ఒక షరతు. స్నానం చేయని మనిషితో బోణీ చేస్తే ఏడాదంతా సరుకు కదలదని ఆయన నమ్మకం. అందుకని తల చూసేవారు. జుట్టు తడిగా ఉండాలి. ఏదో తల మీద చెంబుడు నీళ్ళు గుమ్మరించుకుని పరిగెత్తితే కుదరదు. చెవి వెనక కూడా చూసేవారు. ఉప్పునీళ్ళ జుట్టును దూరం నుంచే పసిగట్టి, "బావినీళ్ళా? సాయంత్రం రండి," అనేవారు. సాయంత్రం వెళ్ళి చేసేదేమీ ఉండదు. కాబట్టి బందరు బజారు మొత్తం మా వసారా పిట్టగోడ మీద తేలిపోయేది. పన్నెండేళ్ళుగా రేకుపెట్టెకే తేలుతోంది.

ఆ ఏడు మా ఓనరుగారు నన్ను పిలిచారు. మెల్లిగా మాట్లాడారు. అదే భయమేసింది.

"బందరు ఆర్డరు తెస్తే ఉద్యోగం పర్మినెంటు చేస్తా. తేకపోతే బెజవాడ బస్సెక్కమాక. అక్కడే వల కొనుక్కుని చేపలు పట్టుకో."

అది నాకు నాలుగో ఉద్యోగం. మొదటి మూడింట్లోంచీ నన్ను పంపించినవాళ్ళు ఇప్పటికీ ఆ రోజు పండగ చేసుకుంటారని వినికిడి. మా అమ్మ మాత్రం నాకు ఉద్యోగం ఖాయమైపోయిందని వీధి వీధంతా చెప్పేసింది. పక్కవీధిలో సగం కూడా. నాకు కోతలు వచ్చింది అమ్మ వైపు నుంచే. ఆ బందరు ఆర్డరు లేకుండా నేను ఆ వీధి మొహం చూడలేను.

బుధవారం మధ్యాహ్నమే బయల్దేరాను, దీపాల వేళకు ముందే నా పెట్టె మొదట పెట్టాలని. పామర్రు దాటాక బస్సు టైరు పేలింది. ఆ పేలుడుకు మూడు ఊళ్ళ బాతులు గుడ్లు పెట్టాయి. వేరే టైరు వచ్చి, బిగించి, బందరు చేరేసరికి దీపాలు పెట్టి చాలాసేపయింది. మెట్లు మూడేసి ఎక్కి పిట్టగోడ చూశాను. మొదట రేకుపెట్టె. తరవాత చర్చిల్లో హార్మోనియంలు బాగుచేసే ఆయన పచ్చపెట్టె. ఆయన స్నానం మూడు కీర్తనల పొడుగు. తరవాత ఎండురొయ్యలు కొనే వ్యాపారి పెట్టె. ఆయనకు రెండు సబ్బులుండేవి. రెండూ చాలేవి కావు, ఆయన తరవాత వెళ్ళినవాడు ఆ రొయ్యల వాసనకు సముద్రస్నానం చేసినట్టే. ఆ తరవాత విత్తనాల ఏజెంటు, బావి మోటార్ల ఏజెంటు. అయిదు పెట్టెలు. నా గులాబీరంగు ప్లాస్టిక్ పెట్టె ఆరోది. ఉప్పునీళ్ళు.

"ఏమోయ్, ఆలస్యమైందే?" అన్నారు పెద్దాయన బెంచీ మీద నుంచి. "భోంచేశావా? మెస్సు కట్టేస్తారు, పద పద. నీకు గోంగూర తీసి ఉంచమని చెప్పి వచ్చా."

ఆ గోంగూర తిన్నాను. చాలా బాగుంది. ఇందులో నీళ్ళు కలపలేదు.

తెల్లవారుతోంది. కాకులు ఇంకా గొంతులు సవరించుకుంటున్నాయి. వసారాలో ఎవరూ లేరు. నేను పిట్టగోడ దగ్గరికి వెళ్ళాను. నా చెయ్యి దానంతటదే వెళ్ళింది అంటే బాగుంటుంది గాని, నమ్మకండి. నేనే తీసుకెళ్ళాను. రేకుపెట్టె ఎత్తాను. ఏనుగంత బరువుందని రాయాలని ఉంది. ఏమీ బరువు లేదు. లోపల తమలపాకంత పలచటి సబ్బుముక్క ఒకటి కదిలింది. దాన్ని తీసుకెళ్ళి ఆరో చోట పెట్టాను. నా గులాబీపెట్టె తెచ్చి మొదటి చోట పెట్టాను. నాలుగు అడుగులు అటు, నాలుగు అడుగులు ఇటు. నేను చేసిన ప్రయాణాలన్నిట్లోకీ పొడుగైంది అదే.

ఇంతలో నీళ్ళు తోడే మామ్మ బకెట్టుతో వచ్చింది. పిట్టగోడ వంక చూసింది. నా వంక చూసింది.

"ఏంటి బాబూ, రేకుపెట్టికి రాత్రికి రాత్రి కాళ్ళొచ్చినయ్యా?"

"ఏమో మామ్మా. పిల్లి తోసిందేమో."

"పిల్లి తోస్తే కింద పడుద్ది. ఆరో నంబరులోకి పోయి బుద్ధిగా కూర్చుంటదా?"

అని, ఇంకేమీ అనకుండా మొదటి బకెట్టు నాకే పోసింది. పెట్టె మొదట ఉంది కదా మరి. రూలు రూలే.

ఆ తియ్యటి నీళ్ళలో సబ్బు నురగ మేఘాల్లా లేచింది. నాకు మాత్రం బయటి నుంచి ఒక దగ్గు వినిపించింది. పెద్దాయన లేచారు. సగం స్నానం దగ్గర చెవి తలుపుకు ఆనించాను.

హార్మోనియం ఆయన అంటున్నారు: "అదేంటండీ, రోజూ మొదటిది మీదేగా? మీ పెట్టి ఆ చివర్నుందేంటి? పోనీ రండి, నా ముందు మీరు పోసుకోండి."

పెద్దాయన పిట్టగోడను చివరి నుంచి చివరికి చూస్తూ ఉండి ఉంటారు.

"పెట్టె ఎక్కడుంటే మనిషక్కడండీ," అన్నారు. "రూలు పెట్టినవాణ్ణి నేనే తప్పితే ఎట్టా?"

"ఎవరో మార్చారండీ!"

"మార్చినా సరే. ఇవాళ ఒకడి కోసం వరస మారిస్తే రేపు గోడ మీద పెట్టెలుండవు, మళ్ళీ మనుషులే ఉంటారు. కీర్తనలు మొదలెట్టండి మీరు, పొద్దెక్కుతోంది."

నేను బయటికి వచ్చాను. ఆయన బెంచీ మీద నిన్నటి పేపరు తెరుచుకుని కూర్చున్నారు. నా తల వంక చూశారు. నీళ్ళు కారుతున్నాయి. నేను ఆయన్ని దాటిపోవాలి. వసారా వెడల్పు మూడు అడుగులు, దాటడానికి మూడు రోజులు పట్టింది.

"ఇదిగో అబ్బాయ్," అన్నారు పేపరులోంచి. నా గుండె మెట్లు దిగిపోయింది.

"షావుకారు కుర్చీ చూపించగానే కూర్చోమాక. ముందు పటాలకి దణ్ణం పెట్టు. వచ్చీరాగానే కూర్చునేవాడు బాకీ వసూలుకొచ్చాడనుకుంటాడు ఆయన."

"అలాగే గురువుగారూ," అన్నాను. అంతే అన్నాను.

షావుకారుగారు కుర్చీ చూపించారు. కూర్చోలేదు. పటాలకు దణ్ణం పెట్టాను.

"ఎవరో పద్ధతి నేర్పారే నీకు," అన్నారు ఆయన మెచ్చుకుంటూ. "ఏదీ, వంగు."

వంగాను. జుట్టు తాకి చూశారు. చెవి వెనక చూశారు.

"మంచినీళ్ళే. మరి పెద్దాయనేరి? ఒంట్లో బాగుందా?"

"బాగుందండి. ఇంకా స్నానం కాలేదండి."

జీవితంలో నేను ఒక్క చుక్క కూడా కలపకుండా చెప్పిన నిజం అది. అంత సిగ్గుపడి చెప్పిన మాట కూడా మరొకటి లేదు.

ఆర్డరు వచ్చింది. ఎంత పెద్దదంటే, అప్పటికి ఇంకా పుట్టని పిల్లలకు కూడా పుస్తకాలు వచ్చాయి. సంచీ తీసుకోవడానికి కూడా వసారాలోకి వెళ్ళలేదు. గుమాస్తాను పైకి పంపి తెప్పించుకుని మొదటి బస్సెక్కాను. బెజవాడలో ఓనరుగారు నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. ఆ కుర్చీలో అప్పటిదాకా ఆయనా, ఆయన పిల్లీ తప్ప ఎవరూ కూర్చోలేదు. మా అమ్మ మిగిలిన సగం వీధికి కూడా చెప్పింది.

తరవాతి ఏడు వేసవిలో మళ్ళీ బందరు వెళ్ళాను. ఆ రోజు దీపాల వేళకు ముందే చేరాను. రిజిస్టరులో పెద్దాయన సంతకం కోసం వెనక్కి పేజీలు తిప్పుతుంటే గుమాస్తా చూశాడు.

"ఆయన రావట్లేదండీ. కంపెనీవాళ్ళు మాన్పించారంట."

"ఎందుకని?"

"బందరు ఆర్డరు పోయిందిగా పోయినేడు. ఎట్టాగూ పెద్దోడైపోయాడు, కుర్రాణ్ణి పెట్టుకుందాం అనుకున్నారంట. మీరు ఇదే లైను కదా, మీకు తెలీదా?"

పైకి వెళ్ళాను. పిట్టగోడ మీద అప్పటికే రెండు పెట్టెలున్నాయి. హార్మోనియం ఆయనదీ, ఎవరో కొత్తాయనదీ. కానీ రెండూ ఒక జానెడు వదిలి పెట్టి ఉన్నాయి. మొదటి చోటు ఖాళీ. అక్కడ మాసిన సున్నం మీద రేకుపెట్టె కూర్చున్నంత మేర నలుపలకల తెల్లటి మచ్చ. కొత్తాయనకు పెద్దాయన సంగతి తెలిసే అవకాశమే లేదు. అయినా అక్కడ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. మూడోవాడిగా పెట్టుకున్నాను.

ఆ తరవాత ఇంకో మూడేళ్ళకు ఆయన కనిపించారు. ఉయ్యూరు బస్టాండులో, చెరుకురసం బండి దగ్గర. అదే ఎర్రగళ్ళ తువాలు. నేను బస్సు దిగి, సంచీలో నుంచి ఒక కొత్త స్టీలు సబ్బుపెట్టె తీసి ఆయన చేతిలో పెట్టాను. ఎప్పుడైనా కనిపిస్తారని అన్నాళ్ళూ మోస్తూ తిరిగినది.

"ఇదేంటోయ్?"

"గురువుగారూ, ఆ రోజు పెట్టెలు మార్చింది నేనేనండీ."

ఆయన చెరుకురసం గ్లాసు కింద పెట్టి నవ్వారు. "తెలుసోయ్. గది కిటికీలోంచి చూస్తూనే ఉన్నా. నువ్వు అంత మెల్లిగా నడుస్తుంటే, తొందరగా మార్చవయ్యా బాబూ, మామ్మ వచ్చేస్తోందని అరుద్దామనుకున్నా."

"మరి ఎందుకు ఊరుకున్నారండీ?"

"ఆ రేకుపెట్టె నాదనుకున్నావా? పాతికేళ్ళ కింద నేనూ ఒక ముసలాయన్ని వెనక్కి జరిపే ముందుకొచ్చా. ఎవరి వంతు వాళ్ళది. రసం తాగు, అల్లం వేయించా."

తాగాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇక్కడితో ముగిసిపోతే ఎంత బాగుండేది. ఇంత చక్కగా ముగిసినప్పుడే మీరు అనుమానించి ఉండాల్సింది. వట్టి నీళ్ళు పోసింది ఇక్కడే. స్టీలుపెట్టె లేదు, అల్లం రసం లేదు, పాతికేళ్ళ కిందటి ముసలాయన లేరు. ఆ మాటలు నేను ఆయన చేత ఎన్నిసార్లు అనిపించుకున్నానంటే, ఒక్కోసారి ఆయన నిజంగానే అన్నారేమో అనిపిస్తుంది. అనలేదు. నల్లులు దూడలంత ఉండవు గాని నల్లులు ఉన్నాయి. టైరు పేలితే బాతులు గుడ్లు పెట్టవు గాని టైరు పేలింది. ఉయ్యూరు బస్టాండులో మాత్రం మేము మాట్లాడుకోలేదు.

ఆయన కనిపించడం నిజం. జరిగింది ఇదీ.

బెజవాడ వెళ్ళే బస్సు ఉయ్యూరులో ఆగింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను, నా పక్క సీటు అప్పుడే ఖాళీ అయింది. కింద జనం తోసుకుంటున్నారు. కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికొచ్చి, ఎర్రగళ్ళ తువాలు నా ఒళ్ళోంచి దాటించి పక్క సీటు మీద పడేసింది. కుడిచెయ్యి. గడియారం ముఖం అరచేతి వైపు.

"బాబూ, ఆ తువాలు కాస్త చూస్తా ఉండండి. వెనక నుంచి ఎక్కి వచ్చేస్తా," అంది గొంతు.

ఎండ ఆయన కళ్ళలో ఉంది. నన్ను చూడలేదు. భుజాన ఒక సంచీ ఉంది, దాని మూతిలోంచి అగరొత్తుల కట్టలు కనిపిస్తున్నాయి. ఇంకా ఊళ్ళు తిరుగుతూనే ఉన్నారన్నమాట. నోటుపుస్తకాలు పోయి అగరొత్తులొచ్చాయి.

ఆయన వెనక తలుపు వైపు వెళ్ళారు. ఆయన జనంలోంచి రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. చెప్పాల్సిన మాటకు రెండు నిమిషాలు చాలు. మూడేళ్ళుగా కంఠస్థం చేసిన మాటే. ఇంతలో ముందు నుంచి ఒక లావుపాటి ఆయన వచ్చి, తువాలు పక్కకు నెట్టి కూర్చోబోయాడు.

"మనిషున్నాడండీ," అన్నాను.

"ఎక్కడున్నాడు? తువాలుంది అంతేగా."

"తువాలుంటే మనిషున్నట్టేనండీ." గొంతు కాస్త ఎక్కువే లేచింది. నలుగురు తిరిగి చూశారు. "కావాలంటే నా సీట్లో కూర్చోండి."

లేచాను. తువాలు సరిగ్గా పరిచాను, అంచులు లాగి. పెద్దాయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టాలని అనిపించి, తువాలు నా సీటు మీదికి జరిపి, లావుపాటి ఆయన్ని ఇవతల కూర్చోమన్నాను. వెనక జనంలో ఆ తెల్లజుట్టు తల దగ్గరికి వస్తోంది. నేను ఖాకీ సంచీ ముఖానికి అడ్డం పెట్టుకుని ముందు తలుపులోంచి దిగిపోయాను.

బస్సు కదిలాక కిటికీలో ఆయన కనిపించారు. తువాలు తీసి భుజాన వేసుకుంటున్నారు. తన సీటు చూసి పెట్టిన మనిషి ఎటుపోయాడా అని కాబోలు, లోపలంతా వెతుకుతున్నారు. నేను చెరుకురసం బండి వెనక నిలబడ్డాను.

తరవాతి బస్సు గంటన్నరకు వచ్చింది. ఇది భాగించక్కర్లేదు.